సోమవారం దాకా

"మీరిద్దరే చేశారు. ఇంకెవర్నీ అనక్కర్లేదు. కాలేజీవాళ్ళు చెప్పారనీ పాస్టర్‌గారు తలూపారనీ సాకులు చెప్పకండి. చేసింది మాత్రం మీరిద్దరూ."

కైకలూరులో ఆనంద్ పాల్ మాస్టారి ఇల్లు. శనివారం, సాయంత్రం నాలుగు. ఏలూరు బస్సు దిగి వచ్చిన కూతురు శాలిని ఇంకా చెప్పులు విడవలేదు. తల్లి రత్నకుమారి వంటింట్లో ఉండగా మోగిన ఆమె ఫోను శాలినే ఎత్తింది. ఇప్పుడా ఫోను ఎవరు అడిగినా ఇచ్చేలా లేదు. మేడ మీద గదిలో, మూడేళ్ళుగా వాళ్ళింట్లోనే ఉండి చదువుకుంటున్న ఆఫ్రికా అమ్మాయి, మలావీ నుంచి వచ్చిన చిసోమో.

"మెల్లగా మాట్లాడవే. పైన చదువుకుంటోంది పిల్ల."

"మెల్లగానా? వాళ్ళమ్మ పోయి ఆరు రోజులైంది. ఆరు రోజులమ్మా. అది పైన కూచుని చేపల రోగాలు బట్టీ కొడుతోంది."

"నీకెవరు చెప్పారు?"

"వాళ్ళ మేనమామ. మలావీ నుంచి ఇప్పుడే చేశాడు. చిసోమో ఏడ్చిందా, ఏమన్నా తిందా అని అడిగాడు. నేను వెర్రిదాన్లా, ఎందుకేడుస్తుంది అంకుల్ అన్నాను. వాళ్ళమ్మ పోయిందని చాప మీద కూచోబెట్టే చెప్పారా అన్నాడు. చాపేంటో నాకర్థం కాలేదు. పోయిందన్న సంగతి మాత్రం అర్థమైంది."

"ఏవండీ, ఇలా రండి. ఇది ఆయనతో మాట్లాడేసిందంట."

"శాలినీ, ముందు కూచో. చెప్పులు విప్పు."

"విప్పను నాన్నా. మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం పొద్దున్న."

"మరి దానికెందుకు చెప్పలేదు?"

"మంగళవారం పరీక్ష కదమ్మా."

"పరీక్ష."

"మంగళవారం ఒకటి, గురువారం ఒకటి, నిన్నొకటి. ఆఖరిది ఎల్లుండి. ఎల్లుండి ఒంటిగంటకి అయిపోతుంది. నేనే కాలేజీకి వెళ్ళి, బయటికి రాగానే చెప్పి తీసుకొద్దామని..."

"బస్సులోనా చెప్పేది? కొల్లేరు మధ్యలో, కిటికీ పక్కన కూచోబెట్టి?"

"నీతో వాదించలేను. నేనూ ఊరికే ఉండలేదు. కాలేజీ ఆఫీసుకి ఫోను చేశాను. పరీక్ష తప్పితే ఏడాదంతా మళ్ళీ చదవాలన్నారు. వీసా ఆగస్టుతో సరి. విషయం తర్వాత చెప్పుకోండి మాస్టారూ, ముందు పరీక్షలు రాయించేయండి అన్నాడు అక్కడి గుమాస్తా."

"ఆయన పేరేంటి?"

"ఎందుకూ?"

"ఆయనకి అమ్మంటూ ఉంటుంది కదా. ఆవిడ పోయినప్పుడు ఆయనకీ ఇలాగే చెప్దామని."

"నోరు జారకే. ఎవరిళ్ళలోనైనా చేసేదే మేమూ చేశాం. పరీక్షలప్పుడు పిల్లలకి ఇలాంటి కబురు చెప్పేవాళ్ళెవరు? పక్కింటి విజయదుర్గ వాళ్ళూ అంతే చేశారు."

"పక్కింటిదాకా ఎందుకు? నాకు చెయ్యలేదూ? నా ఇంటర్ రెండో ఏడు. మామ్మ పోతే నాకేమన్నారు? ఏలూరు ఆస్పత్రిలో ఉంది, ఎవర్నీ లోపలికి రానివ్వట్లేదన్నారు. నువ్వు రోజూ క్యారేజీ కట్టావమ్మా. చచ్చిపోయిన మనిషికి పప్పూ చారూ కట్టి, నాన్న చేతికిచ్చి బస్సెక్కించావు. పదకొండు రోజులు."

"నీకోసమే కదే."

"చివరి పరీక్ష రాసొచ్చి మామ్మ దగ్గరికెళ్దాం అంటే సమాధుల దొడ్డికి తీసుకెళ్ళారు. పైన మట్టి ఆరిపోయి ఉంది."

"మార్కులొచ్చాయి కదా. వెయ్యికి తొమ్మిదొందల నలభై. ఆ మార్కుల్తోనే కదా సీటొచ్చింది."

"వచ్చాయి. ఇంటికొస్తే ఎవరికి చూపించాలి వాటిని? మార్కులు ఎన్నని అడిగేది మామ్మ ఒక్కత్తే. సరే, చిసోమో ఫోనెక్కడ?"

"బీరువాలో. పరీక్షలప్పుడు ఫోను బీరువాలో పెట్టడం ఈ ఇంటి పద్ధతి. నీదీ పెట్టాను. దానిదీ పెట్టాను. అదే తెచ్చిచ్చింది. అమ్మా, తాళం మీ దగ్గరే ఉంచండి అని. అందుకే వాళ్ళ మామయ్య నాకు చేశాడు."

"నువ్వేం చెప్పావు ఆయనకి?"

"నాకొచ్చిన ఇంగ్లీషెంత. పది తప్పినదాన్ని."

"ఏం చెప్పావమ్మా?"

"టోల్డ్ అన్నాను."

"చెప్పేశాననా?"

"గర్ల్ క్రయింగ్ అన్నాను. గర్ల్ స్లీపింగ్ అన్నాను. మరేం అనను? ఆయన ఆగకుండా అడుగుతున్నాడు."

"గురువారం?"

"గురువారం కూడా స్లీపింగే అన్నాను. ఇది పరీక్ష హాల్లో ఉంది. ఎక్కణ్ణుంచి తెచ్చి మాట్లాడించను?"

"గురువారం ఆయన ఎందుకు చేశాడో తెలుసా? గుంట దగ్గర నిలబడి చేశాడు. ఉన్నది ఒక్క కూతురు. దాని గొంతు ఒక్కసారి వినిపించి అప్పుడు మట్టి వేద్దామని పెట్టె దించకుండా ఆపారంట. ముప్పావుగంట. ఎండలో. ఊరంతా నిలబడింది. నువ్వు స్లీపింగ్ అన్నావు."

"నాకు తెలీదే. వెనకాల పాటలు వినపడుతున్నాయి. గుడిలో ఉన్నారనుకున్నాను. నిజంగా తెలీదే."

"ఏడవకు. ఏడవాల్సింది నువ్వు కాదు."

"శాలినీ, ఇంక చాలు. మీ అమ్మకేమన్నా సరదానా? చిసోమో వాళ్ళమ్మ ఎస్నాత్‌గారూ మీ అమ్మా ఎలా ఉండేవాళ్ళో నువ్వు చూళ్ళేదా?"

"చూశాను."

"ఆవిడకి తెలుగు రాదు. నాకు ఆవిడ భాష రాదు. ఆదివారం ఫోనులో కనపడగానే ఆవిడ ఓ ఎండుచేప చూపించేది, నేనో ఎండుచేప చూపించేదాన్ని. ఆవిడ వాళ్ళ చెరువు ఒడ్డున అవే అమ్ముకుని కదే దీన్ని చదివించింది. పోయిన క్రిస్మస్‌కి ఆవిడ నాకోసం ఒక్క మాట నేర్చుకుంది. మీ బిడ్డ. మీ బిడ్డ, మీ బిడ్డ అని నన్ను చూపిస్తుంది, దీన్ని చూపిస్తుంది. అలాంటామె పోయిందని నేను దీనికి ఏ నోటితో చెప్పను? సోమవారం పొద్దున్న ఫోను పెట్టేశాక పొయ్యి దగ్గరే కూలబడ్డాను. ఇది వచ్చి, అమ్మా కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయంది. ఉల్లిపాయలన్నాను."

"రోజూ ఏం చెప్తున్నావు దానికి?"

"మీ అమ్మ ఫోను చేసింది, బాగుంది, బుద్ధిగా చదువుకోమంది అని."

"అది అడిగిందా?"

"అడగలేదు. నేనే చెప్తున్నాను. చెప్పకపోతే అనుమానం వస్తుందని."

"మీరేం చెప్తున్నారు నాన్నా?"

"నేనేం చెప్పలేదు. నాకు అబద్ధం రాదు."

"రాకపోతే పక్కన నిలబడి వింటున్నారు. అంతేగా తేడా."

"అంతే అనుకో. నాది ఇంకోరకం బాధ. సాయంత్రం ప్రార్థనలో మూడేళ్ళుగా ఆవిడ పేరు ఎత్తని రోజు లేదు. ప్రభువా, నీ బిడ్డ ఎస్నాత్‌ని స్వస్థపరచు, ఆమె గుండెకి బలమియ్యి. సోమవారం ఆ చోటికొచ్చి ఆగిపోయాను. పోయినామెని స్వస్థపరచమని ఎలా అడగను? దేవుడితో కూడా నటించాలా?"

"మరేం చేశారు?"

"ఆ పేరు దాటేసి ముందుకెళ్ళాను. ఆ రోజు నుంచీ అంతే. పిల్ల గమనించలేదులే. కళ్ళు మూసుకుని ఉంటుంది."

"సరే. ఇప్పుడు వినండి ఇద్దరూ. వాళ్ళింట్లో ఆడవాళ్ళందరూ వారం నుంచీ నేలమీదే పడుకుంటున్నారంట. రేపు పొద్దున్నతో ఆ చాపలు ఎత్తేసి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ లోపు చిసోమో వాళ్ళతో మాట్లాడాలి. తల్లికోసం అందరితో కలిసి ఏడవడానికి దానికి మిగిలింది ఇవాళే. మామయ్య అన్నమాట అది. ఇవాళే."

"ఎల్లుండి మాట్లాడిద్దామే. ఒక్క పరీక్ష. ఒక్కటే."

"ఎల్లుండికి ఆ ఇంట్లో ఎవరుంటారు? తండ్రి లేడు. తోడబుట్టినవాళ్ళు లేరు. ఎవరితో మాట్లాడుతుంది, గోడల్తోనా?"

"ఇన్ని రోజులు ఆగి, తీరా ఇప్పుడు చెప్పి ఆఖరిది కూడా పాడు చేస్తామా? వాళ్ళమ్మ కోరిక కూడా అదే కదా, పిల్ల చదువు."

"వాళ్ళమ్మ కోరిక నువ్వు చెప్పకు. నేను పైకి వెళ్తున్నాను."

"వెళ్ళకు. శాలినీ, నా మీద ఒట్టు. ఏవండీ, పట్టుకోండి దాన్ని."

"ఎవరూ పట్టుకోనక్కర్లేదండీ."

మేడమెట్ల మీద చిసోమో. రెండు చేతులనిండా ఆరిన బట్టలు.

"చిసోమో. ఎప్పుడొచ్చావమ్మా? ఆకలేస్తోందా? మొక్కజొన్న పిండి ఆడించుకొచ్చాను. మీ ఇంట్లోలా గట్టిగా కలుపుతాను, కొరమీను పులుసుందిగా, అందులోకి..."

"వద్దండీ. మంగళవారం కూడా కలిపారు. బుధవారం కలిపారు. రోజూ కలుపుతున్నారు. ఇదివరకు ఆదివారం ఒక్కరోజే కలిపేవారు."

"పరీక్షలు కదా, బలానికని..."

"నాన్నగారూ."

"చెప్పమ్మా."

"గమనించానండీ."

"దేన్ని?"

"ప్రార్థన. సోమవారం అమ్మ పేరు రాలేదు. మర్చిపోయారనుకున్నాను. మంగళవారం కూడా మర్చిపోయారు. బుధవారం కళ్ళు తెరిచి విన్నాను. అందరి పేర్లూ వచ్చాయి. మీ స్కూల్లో కాలు విరిగిన అటెండరుగారి పేరు కూడా వచ్చింది. అమ్మ పేరు దగ్గర మీరు గొంతు సవరించుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు."

"అయితే నీకు తెలుసా?"

"తెలీదక్కా."

"ఇప్పుడే అన్నావు కదా, గమనించానని."

"గమనించాను. తెలీదు. నాకు ఎవరూ చెప్పలేదు కదా. మా వైపు, మనిషి పోతే బిడ్డకి ఫోనులో చెప్పరు. ఆ బిడ్డ ఉంటున్న ఇంటి పెద్దామెకి చెప్తారు. ఆమె చాప వేస్తుంది. కింద కూచోబెట్టి, చెయ్యి పట్టుకుని, పేరు పెట్టి చెప్తుంది. అప్పటిదాకా బిడ్డ ఏడవకూడదు. అడగకూడదు. చెప్పకముందే ఏడిస్తే, బతికి ఉన్న తల్లిని ఏడ్చినట్టు."

"అందుకా తల్లీ మీ మామయ్య నాకు చేసింది? నీ ఫోను మోగకపోతే చేశాడనుకున్నాను."

"నా ఫోను మోగినా మీకే చేసేవాడు. ఈ ఇంటి పెద్ద మీరే కదండీ. నేను విమానం ఎక్కే రోజునే అమ్మ ఆయనకి చెప్పింది. ఏదన్నా జరిగితే పిల్లకి చెప్పొద్దు, ఆ ఇంటి తల్లికి చెప్పు, ఆమె చూసుకుంటుంది అని."

"ఒక్కసారి అడిగి ఉంటే పోయేది కదే. నా కొంగు పట్టుకుని అడిగి ఉంటే చెప్పేసేదాన్ని కదే."

"పగలంతా మీ మాట వింటే అమ్మ ఉందనిపించేది. సాయంత్రం ప్రార్థన వింటే లేదనిపించేది. మీ మాటే నిజమైతే బాగుండునని ఆగానండీ. వంటింట్లో మీ పక్కనే కూచునేదాన్ని. చింతపండు పిసుకుతూ. ఇవాళ చెప్తారు, ఇప్పుడు చెప్తారు అని మూల నిలబెట్టిన చాప వైపు చూసేదాన్ని. మీరు దాని మీద అప్పడాలు ఆరబెట్టారు."

"ఇంత కడుపులో పెట్టుకుని పరీక్షలెలా రాశావమ్మా?"

"రాయలేదు నాన్నగారూ."

"అదేంటి?"

"హాల్ టికెట్ నంబరు వేశాను. సంతకం పెట్టాను. ఖాళీ పేపరు ఇచ్చేసి వచ్చాను. మూడూ అంతే."

"మూడూనా?"

"ప్రశ్న చదివితే అక్షరాలు కనపడ్డాయి. అర్థం కనపడలేదు."

"రోజూ బస్సు దిగి వచ్చి బాగా రాశానమ్మా అన్నావు కదే. నేను కొబ్బరికాయంత లడ్డూ చేసి పెట్టాను కదే."

"మా అమ్మ బాగుందని మీరు చెప్పారు. బాగా రాశానని నేను చెప్పాను."

"ఏవండీ. ఏమన్నా అనండి. అలా గోడకి చేరబడి నిలబడకండి."

"నేను... నేను సోమవారం వెళ్ళి ప్రిన్సిపాల్‌గారి కాళ్ళు పట్టుకుంటాను. సప్లిమెంటరీ ఉంటుంది. ఏదో ఒకటి..."

"పరీక్ష సంగతి సోమవారం చూద్దాం నాన్నగారూ. అక్కడ మా పిన్నమ్మలు ఇంకా కిందే కూచుని ఉన్నారు."

"అమ్మా, లే. చాప తియ్యి."

"నావల్ల కాదు శాలినీ. నువ్వు చెప్పవే. చదువుకున్నదానివి, నీకు మాటలొస్తాయి."

"నేను చెప్పను. ఇందాకట్నుంచీ పైకెళ్ళి చెప్పేస్తానన్నాను కానీ అది నా పని కాదు. వాళ్ళమ్మ నీకు అప్పజెప్పింది."

"అక్క చెప్పకూడదండీ. నాన్నగారూ చెప్పకూడదు. మీరే చెప్పాలి."

"నీ ముఖం చూసి ఎలా చెప్పనే? నీకు తెలిసిపోయాక ఇంకా ఏముందని చెప్పను?"

"నాకు తెలీదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి మీకు, నాకు తెలీదు. అక్కా, ఈ బట్టలు పట్టుకోండి. ఆ చెప్పులు బయట విప్పి రండి. మామయ్యకి తర్వాత చేద్దాం. అమ్మా, చాప దులపండి. ఇక్కడ వెయ్యండి, నడవలో. కూచోండి. నా చెయ్యి పట్టుకోండి. ఇప్పుడు మా అమ్మ పేరు పెట్టి చెప్పండి. సోమవారం దాకా ఆగొద్దు. ఆరు రోజుల్నుంచీ ఏడుపు ఆపుకుని ఉన్నానండీ, ఇప్పుడే చెప్పండి."