బానలో తమ్ముడు

కఖేతీ అనే ద్రాక్షతోటల సీమలో, వాళ్ళ వైన్ గదిలో, నేలలో మెడదాకా పాతిన మట్టి బానలోకి దిగి తమ్ముడు తోముతున్నాడు. అన్న పైన కూర్చున్నాడు. వైన్ తీసిన బానలో మిగిలే గాలి ఊపిరాడనివ్వక ఉన్నట్టుండి మనిషిని పడగొట్టేస్తుంది. అందుకే దిగినవాడి గొంతు పైవాడికి వినబడుతూనే ఉండాలి. నాన్న ఉన్న రోజుల్లో పాడేవాళ్ళు. ఇప్పుడు పోట్లాడుకుంటున్నారు.

"తిబిలిసి పట్నం నుంచి ఈ గది కొనేవాళ్ళు ఆదివారం వస్తున్నారు. అమ్మకం కాగితం మీద సంతకం పెట్టు, ఈ తోముడు పీడ వదులుతుంది."

"నీకేం పీడ? ఏటేటా దిగేది నేను."

"ఆ మూతిలో నా భుజాలు పట్టవు."

"పొట్ట అను."

"నోరు జాగ్రత్త. వాళ్ళు స్టీలు తొట్లు పెడతారట. ఇక ఎవరూ దిగక్కర్లేదు."

"మరి ఈ బానల్ని?"

"తవ్వి తీసి గేటు దగ్గర పూలు వేస్తారట."

"నాన్న వైన్ పోసిన బానలో పూలమొక్కలా? సిగ్గు లేదా అన్నా నీకు?"

"సిగ్గు నాకా? పోయినేడు మూత చుట్టూ మట్టి సరిగ్గా మెత్తక, బానెడు వైన్ పాడుచేసింది ఎవడు?"

జవాబు రాలేదు. చెర్రీ బెరడు కుంచె చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఏం, నోరు పడిపోయిందా?"

లోపల ఏ అలికిడీ లేదు.

అన్న బోర్లా పడుకుని బానలోకి తల దూర్చాడు. "ఒరేయ్. ఏదో ఒకటి అనరా. నన్ను తిట్టు. పోనీ, నాన్న పాట పాడు."

"బతికే ఉన్నా," అంది చీకట్లోంచి గొంతు. "సంతకం మాత్రం పెట్టను."

'పెట్టకపోతే చావు' అనబోయి అన్న మాట మింగేశాడు.

"పెట్టకు," అన్నాడు. "నోరు మాత్రం ఆపకు."