తరగతి గది గోల తగ్గించిన ఇంజనీరు గారు

1991 జులై 8వ తేదీ ఉదయం, వానకు తడిసిన నియామక పత్రాన్ని చేతిరుమాలుతో ఒత్తుకుంటూ మా పాఠశాల భవనాల విభాగంలో సహాయక ఇంజనీరుగా చేరిన మేడమ్ గారు, ముప్పై నాలుగేళ్ల నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి వద్ద ఇరవై ఆరేళ్లుగా నక్షాలు గీస్తున్నవాడిగా ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది.

తొలి దశాబ్దం కొత్త గదుల నిర్మాణంతో, కారే కప్పులతో గడిచింది. 2002లో ఒక ప్రాథమిక పాఠశాలకు మరమ్మతు చూడటానికి మేమిద్దరం వెళ్లినరోజే, వినికిడి యంత్రం పెట్టుకున్న మూడో తరగతి పాపను బడి మాన్పించడానికి తండ్రి వచ్చి కూర్చున్నారు.

"మిషను కూడా పెట్టించాం. అయినా దీని బుర్రకెక్కదండీ" అన్నారాయన.

మేడమ్ గారు పాప పక్కన బెంచీమీద కూర్చున్నారు. "ఏం వినిపిస్తోందమ్మా?"

"అన్నీ వినిపిస్తాయి. ఫ్యాను, కుర్చీలు, పక్క క్లాసు. టీచర్ మాట వాటిల్లో కలిసిపోతుంది."

మేడమ్ గారు లేచి గది నలువైపులా చూశారు. తర్వాత తండ్రితో, "ఈ గది కట్టించింది నేనేనండీ. తప్పు గదిది, పాపది కాదు. పదిహేను రోజులు ఆగండి" అన్నారు.

ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి ప్రతిధ్వనిని పరీక్షించారు. కుర్చీ కాళ్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు, కప్పు కింద శబ్దాన్ని పీల్చుకునే పీచు పలకలు, వెనుక గోడకు మందపాటి తెర, ఫ్యానుకు కొత్త బేరింగులు వేయించారు. పదహారోనాడు డిక్టేషన్‌లో పాప పది మాటలకు ఏడు సరిగ్గా రాసింది. తండ్రి ఆ నోటు పుస్తకాన్ని చాలాసేపు చూసి, "ఇన్నాళ్లూ దీన్ని ఊరికే తిట్టానండీ" అని తల వంచుకున్నారు. పాప బడిలోనే చదువు కొనసాగించింది.

అంచనాలో లేని పని చేసినందుకు పై కార్యాలయం సంజాయిషీ అడిగింది. మేడమ్ గారు పై అధికారిని తీసుకెళ్లి, అదే బడిలో బాగుచేయని గదిలో చివరి బెంచీలో కూర్చోబెట్టారు. పావుగంటకు ఆయన బయటికొచ్చి, "ముందు ఆ ఫ్యాను ఆపించి, అన్ని గదులకీ అంచనా పంపండమ్మా" అన్నారు.

నాటినుంచి ప్రతిధ్వని కొలవనిదే మా విభాగం ఏ కొత్త గదినీ బడికి అప్పగించలేదు. 'చెవుల మేడమ్' అన్న పేరు వారికి అలా వచ్చినదే. గోల తగ్గించాల్సిన రోడ్డు పక్క బడులు పదకొండు ఇంకా మిగిలి ఉన్నాయంటూ, ఆ జాబితాను మొన్ననే నా బల్లమీద పెట్టారు.

"బడిపిల్లల కోసం ఇంత చేసింది గానీ, వంటింట్లోంచి నేను పిలిస్తే మాత్రం పలకదు" అని వారి భర్త మాతో నవ్వుతూ మొరపెట్టుకున్నారు. ఇకనైనా ఆ పిలుపు ఆలకించే తీరిక, చెక్కుచెదరని ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయువు మేడమ్ గారికి సమృద్ధిగా లభించాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటున్నది.