సేనాపతి అల్లుడు

ఇల్లరికపు అల్లుడు సంచి భుజాన వేసుకుని, సెలవు తీసుకుందామని పడవల షెడ్డులోకి వచ్చాడు. మామ అతని రెండు చేతుల్లో బరువైన బల్ల పెట్టి, పడవకు ఆనించి పట్టుకోమని చెప్పి, తాను మేకులు కొట్టడం మొదలుపెట్టాడు.

"మామయ్యా, బస్సు వచ్చేస్తుంది. కొత్త రేవులో ఉద్యోగం నాకోసం ఆగదు."

"ఉండవయ్యా. అందరూ నిన్ను చిన్న సరంగు అంటున్నారు కదా, ఆ మాటకు అర్థం తెలుసా?"

"పడవ నడిపేవాడు."

"అది ఇప్పటి సంగతి. పూర్వం పారశీక దేశంలో సేనాపతి అని అట. ఓడలెక్కి మనదాకా వచ్చేసరికి కళాసీల పెద్ద అయ్యాడు."

"సేనాపతికి నీళ్లలో పనేంటి?"

"ఉప్పుగాలికి కత్తి తుప్పు పట్టింది, చుక్కాని పట్టుకున్నాడు. ఈ ఇంటి ముత్తాత నడిపిన ఓడ ఎంత పొడవనుకున్నావ్? ఈ కొస నుంచి ఆ కొసకు కబురు మోసినవాడు తిరిగొచ్చేసరికి గడ్డం నెరిసేది."

"కోతలు చాలు. బల్ల వదిలేయనా?"

"వదిలితే నా కాలి మీద పడుతుంది. నీ ఇష్టం."

"సరే, సరంగు దిగిపోవాలంటే ఏం చేయాలి?"

"చుక్కాని ఇంకొకడికి అప్పజెప్పాలి. మా మామగారు నాకు అప్పజెప్పినట్టు."

"మీరూ ఇల్లరికమేనా!"

"మరేమనుకున్నావ్? నేనూ ఇలాగే సంచి సర్దుకుని వచ్చాను. ఆయన సేనాపతి కథ ఎత్తుకున్నాడు."

"కథ అయ్యాక మీరు వెళ్లిపోవాల్సింది కదా?"

"అయితేగా! ఆయన కన్ను మూసేదాకా చెబుతూనే ఉన్నాడు."

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. అల్లుడు బల్ల వంకా, మామ కాలి వంకా చూశాడు.

"ఇంకొక్క మేకు, అంతే," అన్నాడు మామ. "ఇంతకీ ఆ సేనాపతికి ఓ అల్లుడు ఉండేవాడు..."