గోటి గాట్లు

రేకుల షెడ్డు ముందు కూర్చునే మగాళ్ళకు ఎప్పుడో ఒకరోజు చిక్కిపోతానన్నదే ఆ తల్లికి అన్నిటికన్నా పెద్ద భయం. శరణార్థుల గుడారాల నుంచి ఊరి కుళాయికి, వీధి మొదట్లో ఉన్న ఆ షెడ్డు ముందు నుంచి ఒక్కటే దారి. కుళాయి పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఆ ఉదయం మిషను ఆపి, చంకలో పిల్లాడితో నీళ్ళకొచ్చిన ఆమెను పిలిచింది.

"ఏమ్మాయ్, మీవాడు రోజూ మా వీధి మొదట్లోకి రాగానే మైకు మింగినట్టు అరుస్తాడేం?"

"ఆకలేమో అక్కా."

"ఏదీ, ఇలా తే." ఆవిడ వాడి లాగు పైకి జరిపింది. "తొడ నిండా ఈ గోటి గాట్లేమిటే?"

"నేనే గిల్లాను."

"నీకేం పొయ్యేకాలం వచ్చింది! కన్నతల్లివేనా?"

"వీడేడిస్తే మీరంతా తలుపులు తీసి చూస్తారక్కా. అప్పుడు షెడ్డు ముందు కూర్చునేవాళ్ళు నా జోలికి రారు. మొన్న వీడు నిద్రపోయాడు. ఒకడు నా జబ్బ పట్టుకుని షెడ్డులోకి లాగాడు. బిందె వాడి కాలిమీద పడేసి పరిగెత్తాను."

కుట్టే ఆవిడ వాడి లాగు కిందికి సర్దింది.

"మా మరిది మొన్నట్నుంచీ కుంటుతున్నాడు" అంది.

"తెలుసక్కా. అందుకే మీకు చెప్పలేదు."

"వాడి సంగతి ఇంట్లో నేను తేలుస్తా. రేపట్నుంచి నేనే నీకు ఎదురొస్తా. పసివాణ్ణి గిల్లకు."

"నేనెలాగో వస్తానక్కా. సాయంత్రం నీళ్ళకి మా ఆడబిడ్డ వస్తుంది. దానికింకా పెళ్ళి కాలేదు, చంకలో ఏడ్చేవాళ్ళు లేరు. కాస్త మీరే బయటికొచ్చి, అది వచ్చిందో లేదో చూడండక్కా."