చల్లగానే ఉంది

ఇంటి పక్క రేకుల షెడ్డులో బానెట్ ఎత్తిన కారు. దాని మీదకు వంగి మెకానిక్ పని చేసే కోడలు, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అత్తగారు. షెడ్డులోంచి ఇంట్లోకి వెళ్లే తలుపు మూసి ఉంది.

“సాయంత్రం రమ్మంటే పొద్దున్నే ఊడిపడ్డావేమిటి?”

“సాయంత్రం వేరే బండి పనుంది అత్తయ్యా. ఏం, ఇబ్బందా?”

“నాకేం ఇబ్బంది? త్వరగా చూసి బాగుచెయ్. మీటర్ల దగ్గర దీపం వెలుగుతోంది, బండి లాగట్లేదు.”

“లాగట్లేదా?”

“ఆఁ.”

“మీ అబ్బాయి వెళ్లిపోయినప్పటి నుంచి ఇది ఇక్కడే పడుందన్నారు. నిలబెట్టిన బండి లాగట్లేదని ఎలా తెలిసింది?”

“ఆ భాషలన్నీ నాకేం తెలుసే. దీపం వెలుగుతోందన్నాను, అంతే. బ్యాటరీ చచ్చిపోకుండా అప్పుడప్పుడు తాళం తిప్పుతుంటాను.”

“మీరేనా?”

“నేను కాక ఇంట్లో ఇంకెవరున్నారు? పని చూడవే, పోలీసులా ప్రశ్నలు వెయ్యకు. అందుకే వాడు నీ దగ్గర ఉండలేకపోయాడు.”

“చూస్తూనే ఉన్నాను. స్కానర్‌లో సెన్సార్ మీదే అనుమానం చూపిస్తోంది. పొగ పోయే పైపులో ఉంటుందది. పైపు ఎంత వేడిగా ఉందో చెప్పడమే దాని పని.”

“పాడైందన్నమాట. మార్చెయ్.”

“చూడకుండా ఎలా మారుస్తాను? కదలని బండిలో అది బయట గాలి వేడి ఎంతో అంతే చూపించాలి. గాలి ముప్పై డిగ్రీలు. ఇది నూట పది అంటోంది.”

“చెప్పాగా, పాడైందని.”

“వైర్లు బాగానే ఉన్నాయి. కొత్త సెన్సార్ ఇదే వైరుకి తగిలించి గాల్లో పెడితే ముప్పై చూపించింది.”

“ఇంకేం మరి? పాతది పాడైంది.”

“పాడై ఉండొచ్చు. లేదా పైపు నిజంగానే వేడిగా ఉండొచ్చు.”

“అదెందుకు వేడెక్కుతుంది?”

“ఎవరైనా ఇప్పుడే బండి తిప్పుకొస్తే వేడెక్కుతుంది.”

“ఎవరు తిప్పుతారే?”

“మీకు డ్రైవింగ్ రాదు.”

“రాదు.”

“పోనీ, బ్యాటరీ కోసమని ఇందాక ఇంజన్ స్టార్ట్ చేశారా?”

“లేదు. నువ్వొచ్చేదాకా షెడ్డులో అడుగే పెట్టలేదు.”

“మార్చురీకి మీరూ వచ్చారు, గుర్తుందా?”

“ఇప్పుడదెందుకు?”

“దిక్కులేని శవం దొరికింది, మీ అబ్బాయేమో చూడమని పోలీసులు పిలిచారు. బట్ట తియ్యకముందే మీరు గోడకి జారగిలబడి ఏడ్చారు. ముఖం నేనే చూశాను. సగం లేదు దానికి.”

“తల్లిని. ఏడవకుండా ఎలా ఉంటాను?”

“రెండోసారి పిలిచినప్పుడు కూడా వచ్చారు. అప్పుడూ ఏడ్చారు.”

“వాడు ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో నాకూ తెలియదని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?”

“ఇంకొక్కసారి చెప్పండి.”

“తెలియదు.”

“అయితే పైపు చల్లగానే ఉండాలి. చెయ్యి పెట్టి చూడండి.”

“నేనా? మెకానిక్‌వి నువ్వు, నువ్వు పెట్టుకో.”

“నేను పెట్టి వేడిగా ఉందంటే మీరు నమ్మరు. నా మాట మీరెప్పుడు నమ్మారు? చల్లగా ఉంటే సెన్సార్ మార్చేసి పోతాను. మళ్లీ ఈ గడప తొక్కను. ఆయన లేడనుకుని నా బతుకు నేను బతుకుతాను.”

“మళ్లీ రావా?”

“రాను.”

“స్టేషన్‌కి కూడా పోవా?”

“పోను. వేడిగా ఉంటే మాత్రం ఆ తలుపు తీసి లోపలికెళ్తాను.”

“తలుపు గొడవెందుకే మధ్యలో. ఎక్కడో చూపించు.”

“అదుగో, ఆ రేకు పక్కన.”

“ఇదేగా? చల్లగానే ఉంది.”

“వేలు కాదు అత్తయ్యా. అరచెయ్యి.”

“పెట్టాను.”

“ఆనించండి.”

“ఆనించాను. చల్లగానే ఉంది.”

“కాస్త గట్టిగా చెప్పండి. లోపలికి వినబడాలి.”

“లోపల ఎవరున్నారే వినడానికి? చల్లగా... చల్లగానే ఉంది. అమ్మా...”

“ఎందుకేడుస్తున్నారు?”

“ఏడవట్లేదు. చల్లగానే...”

“చాలు. తియ్యండి. తియ్యండంటున్నా. ఇదుగో, ఈ బకెట్లో ముంచండి.”

“వదులు నన్ను. చెప్పాగా, పాడైందని. మార్చేసి పో.”

“పోతాను. మీ మాటే నిజం. లోపల ఎవరూ లేరు.”

“లేరు.”

“ఆ తలుపు వెనక మనిషంటూ ఉంటే మనం మాట్లాడుకున్నదంతా వినబడేది. చర్మం కాలిన వాసనా తెలిసేది. కొడుకన్నవాడు ఉంటే ఈపాటికి బయటికొచ్చి మీ చెయ్యి లాగేసేవాడు. అంతేగా అత్తయ్యా?”

“రాత్రంతా తిరిగి తిరిగి వచ్చాడు తల్లీ. నిద్ర పట్టేసుంటుంది. వాడికి వినబడి ఉండదు.”