ఈగ వాలని కారు

"నేను కారు కడుగుతుంటే మీరెవరూ సూడనేదు గాబట్టి ఇలా కూకుని టీ తాగతన్నారు. సూసుంటే గ్లాసు నోటికెత్తడం మర్సిపోదురు," అన్నాడు మల్లేశ్వరరావు.

జలంత్రకోటలో బొడ్డమ్మ టీ బడ్డీ. బల్ల మీద మల్లేశ్వరరావు మావగారు నారాయణమూర్తి, ఆయన పక్కన ఊళ్లోవాడే పైడిరాజు. ఆదివారం నారాయణమూర్తి కొడుకు ఉమాశంకర్ పెళ్లి. పెళ్లికొడుకు టెక్కలికి ఏ అల్లుడి కారులో వెళ్లాలన్నది ఇంకా తేలలేదు. పెద్దల్లుడు మల్లేశ్వరరావు కారు పాతది. చిన్నల్లుడు లోకనాథ్ కారు మొన్న దసరాకి కొన్నది, సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తియ్యలేదు. తోడల్లుళ్లిద్దరివీ ఎదురెదురు ఇళ్లు.

మల్లేశ్వరరావు రెండు చేతులకీ తువ్వాలు చుట్టుకుని, ఆ తువ్వాలుతోనే గ్లాసు పట్టుకున్నాడు.

"సలేటి బావా?" అన్నాడు పైడిరాజు.

"సలి కాదురా. పాలిష్ పట్టిన సేతులు, గాలి తగలకూడదు. సెప్పనీ. ఆ లోకనాథ్ కారు కడిగేడంటే వీధంతా తెలవాల. మోటారు పైపు ఎట్టి, నురగంతా మా గుమ్మంలోకి ఒదిలేత్తాడు. మీ కూతురు ధనమ్మ కిటికీలోంచి సూసి, 'మా సెల్లి మొగుడి కారు సూడండి, మల్లెపువ్వులాగున్నాది' అన్నాది. నేనేటన్నాను? ఏటీ అన్నేదు మావా. బకెట్టు తీసినాను. పైనుంచి కిందికి నీళ్లు పోసినాను. కిందనుంచి పైకి కడిగేవోడికి కారు కడగడం రానట్టే. పేరు సెప్పను, లోకనాథ్. ఎంత మట్టి వదిలిందంటే, ఆ మట్టిలో రెండు కొబ్బరి మొక్కలు పాతినాను. సరే, పాలిష్ ఎట్టి గుండ్రంగా రుద్దినాను. రుద్దగా రుద్దగా ఓ పిచ్చిక వచ్చి, అద్దమనుకుని తన్ను తానే పొడుసుకున్నాది."

"పిచ్చికలు ఏ కారునైనా పొడుత్తాయి," అన్నాడు నారాయణమూర్తి.

"ఆగు మావా. పిచ్చిక ఎనకాల సెలూను ఈశ్వర్ వచ్చినాడు. నా కారు తలుపు ముందు కుర్చీ ఏసి, ముసిలోళ్లందరికీ గెడ్డాలు గీసేసినాడు. ఆ తలుపులో మొకం ఎంత బాగా కనపడిందో, అదే మొకం వాళ్లకి ఉండిపోనాది. ఇంటికెళ్తే పెళ్లాలు గుమ్మం ఎక్కనివ్వనేదు, ఎవుడో కుర్రోడు వచ్చేడని!"

"లోకనాథ్ గీయించుకోనేదేటి?" అన్నాడు పైడిరాజు.

"గీయించుకున్నాడు. వాడి మొకం మట్టుకు అలాగే ఉన్నాది. మంచి కారుకి మనుషులు తెలుత్తారు. ఆ తర్వాత ఏటైందో తెలుసా? మైనం! బజారులో డబ్బా మైనం లోకనాథ్ రాత్తాడు, నేను రాత్తానా? బారువ ఎళ్లినాను. అక్కడ పడవలు ఏళ్ల తరబడి ఉప్పునీటిలో నానినా సెక్క పుచ్చదు. ఎందుకు? వాళ్లు రాసేది ఒకటున్నాది. అదో డబ్బా తెచ్చినాను. గుడ్డతో రాత్తే గుడ్డే తాగేత్తాదని, ఉత్త సేతుల్తో కారంతా పట్టించినాను."

"ఏటది?" అన్నాడు పైడిరాజు.

"సెప్తే లోకనాథ్ రాసేత్తాడు."

నారాయణమూర్తి తాగుతున్న గ్లాసు దించి అల్లుడి చేతుల వైపు చూశాడు. మల్లేశ్వరరావు ఆగలేదు.

"దాంతో ఎంత నునుపు వచ్చిందంటే, ఈగ వాలి, నిలబడలేక జారిపడి కాలిరగ్గొట్టుకున్నాది. దుమ్ము నా కారు మీద సోటు దొరక్క లోకనాథ్ కారు మీద కూకున్నాది. వాన సినుకులు అంటక, ఎలా వచ్చినాయో అలాగే మీదికి పోనాయి. ఎండ కూడా జారిపోయి సోంపేట టేసన్లో పడితే, సిగ్నలనుకుని రైలు ఆగిపోనాది. సాయంత్రం బారువ పడవలు లైట్‌హౌసు వైపు పోకుండా తిన్నగా మా కొబ్బరితోటలోకి వచ్చేసినాయి, సేపలతో సహా!"

"మీ తోటలోకి సముద్రం ఎలాగొచ్చింది బావా?"

"ఎలుగు సూసి అదీ వచ్చినాది. అసలు సంగతి ఇను. లోకనాథ్ కారు నీడ నా కారు తలుపులో పడినాది. ఆ నీడ వాడి కారు కన్నా కొత్తగా ఉన్నాది. వాడు తాళం తెచ్చి నీడ తలుపు తియ్యబోయినాడు మావా! వాడి కారు సిగ్గుతో దానంతటదే ఎనక్కి నడుసుకుంటూ షెడ్డులోకి పోనాది. ఇంకేటి ఆలోచన? ఉమాశంకర్‌ని నా కారులో కూకోబెట్టు."

"ఏదీ, ఇటు తీసుకురా అల్లుడూ, సూత్తాను."

"తెత్తే మీ కళ్లు పోతాయి. బరకం కప్పినాను."

"అంత నునుపు కారు మీద బరకం జారిపోదేటి?" అన్నాడు పైడిరాజు.

మల్లేశ్వరరావు గ్లాసు ఎత్తి టీ తాగాడు. ఈలోగా బొడ్డమ్మ టీ గిన్నె దించింది.

"జారదు. ఊడదు కూడా. పొద్దున మా కోడిపెట్ట నీ కారెక్కింది తమ్ముడా. నేనూ ధనమ్మా ఇద్దరం లాగినాం. పెట్ట వచ్చింది. తోక రానేదు."

బల్ల కింద బఠాణీ ఏరుకుంటున్న పెట్టని అందరూ వంగి చూశారు. దానికి వెనక ఏమీ లేదు.

నారాయణమూర్తి తువ్వాలు కొస పట్టి లాగాడు. ఎడమచెయ్యి బయటపడింది. అరచెయ్యంతా నల్లగా ఉంది, వేళ్లన్నీ పొక్కులే.

"జీడిపిక్కల నూనె!" అన్నాడాయన. "పలాసలో పిక్కలు కొట్టే ఆడోళ్లు సేతులకి బూడిద రాసుకోకుండా ముట్టరు గదా. నువ్వు ఉత్త సేతుల్తో రాసేవా? అయినా పడవంటే సెక్క, తాగుతాది. కారు రేకు తాగుతాదేటి? బంకలాగ మీదే ఉంటాది."

"రేపటికి ఆరిపోతాది మావా."

"ఆరినా వద్దు నాయనా. మా వోడు అందులో ఎక్కితే టెక్కలిలో దిగడు. పెళ్లికూతురే కారు కాడికొచ్చి తాళి కట్టించుకోవాల. లోకనాథ్‌కి కబురెడతాను."

పైడిరాజుకి టీ పొలమారి దగ్గొచ్చింది. రోడ్డవతల కొబ్బరాకుల నీడలో తెల్లగా మెరుస్తున్న లోకనాథ్ కారు వైపు మల్లేశ్వరరావు ఓసారి చూశాడు.

"అన్నీ సెప్పు మావా, ఒక్కటి మట్టుకు ఒప్పుకో," అన్నాడు. "ఇద్దరు ఆడోళ్లు లాగినా పెట్ట దిగనన్నాది నా కారే. తోకైనా ఒదులుకున్నాది గానీ కారు ఒదల్నేదు. లోకనాథ్ కారు మీద ఒక్క పెట్ట అంత ఇదిగా ఉండిందేటి, సెప్పు!"

"ఉండనేదులే," అంది బొడ్డమ్మ. "టీ అయిపోనాది గదా, నా గ్లాసు ఇటియ్యి."

మల్లేశ్వరరావు కుడిచెయ్యి చాపాడు. బొడ్డమ్మ గ్లాసు పట్టుకుని లాగింది. గ్లాసుతో పాటు తువ్వాలూ, తువ్వాలుతో పాటు మల్లేశ్వరరావూ వచ్చారు.