టీ గదిలో ఎర్ర దేశం, నీలి దేశం

రక్షణ విషయాల్లో, కృత్రిమ మేధ విషయాల్లో ప్రభుత్వానికి సలహాలిచ్చే ఒక పరిశోధన సంస్థ. మూడో అంతస్తులో టీ గది. బావ మెడలో ఎర్ర పట్టీ, బావమరిది మెడలో నీలి పట్టీ.

"కాస్త అటు జరుగు బావా. నీతో నేను మాట్లాడకూడదు."

"మాట్లాడొద్దు. ఆ పంచదార డబ్బా ఇలా తోసెయ్, చాలు."

"పొద్దున అక్క అంత గట్టిగా చెప్పింది కదా. నీలి దేశం వాళ్లు ఎర్ర దేశం వాళ్లతో ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదని."

"నీకు పొద్దున చెప్పింది. నాకు పెళ్లయినప్పటి నుంచీ ఏదో ఒకటి చెబుతూనే ఉంది."

"నవ్వించకు. మా వాళ్లెవరైనా చూస్తే బాగుండదు. అసలు ఈ ఉత్తుత్తి యుద్ధం ఆటలోకి నువ్వెలా దూరావు?"

"దూరానా? ఎర్ర దేశం సేనాపతిగా రావాల్సిన పెద్దమనిషికి జ్వరం. ఎవరూ దొరక్క మీ అక్క నన్ను లాక్కొచ్చింది. రెండు గదుల్లోనూ పెట్టిన హెచ్చరికల ప్రోగ్రాం మా కంపెనీదే కదా, నాకు కొత్తగా నేర్పక్కర్లేదంది."

"అంటే మా కంప్యూటరూ, మీ కంప్యూటరూ..."

"ఒక తల్లి బిడ్డలే. ఉపగ్రహం ఫొటోలు చూసి, అవతలి వాళ్లు ఏం చేయబోతున్నారో చెప్పడమే వాటి పని. మీ దానికి మా ఫొటోలు, మా దానికి మీ ఫొటోలు."

"మాది ఏం చెప్పిందో మాత్రం అడక్కు."

"అడగను. నిన్ను చూస్తే తెలుస్తోంది."

"ఏం తెలుస్తోంది?"

"ఖాళీ కప్పు ఊదుకుంటూ తాగుతున్నావు."

"పోసుకుంటాను, ఆగు. నీకేం బావా, నీకిది ఆట. దీన్ని బట్టి అక్క వాళ్ల సంస్థ నివేదిక రాస్తుంది. అది చూసి మా శాఖ బిల్లు ఖరారు చేస్తుంది. టైం లేనప్పుడు మనిషిని అడక్కుండా కంప్యూటరే క్షిపణి వదలొచ్చా, వద్దా అని."

"వదలొచ్చని ఉందా అందులో?"

"ప్రస్తుతానికి ఉంది."

"ఎవరు రాశారు?"

"శాఖ రాసింది."

"శాఖంటే?"

"శాఖంటే శాఖే బావా. పదిమందిమి కూర్చుంటాం, రాస్తాం."

"ఆ పదిమందిలో నువ్వూ కూర్చున్నావు."

"కూర్చున్నాను. రెండు దేశాల మధ్య ఎప్పుడూ ఒక ఫోన్ లైనుండాలి, అది మనుషులే ఎత్తాలి అని అక్క వాళ్లు సలహా రాస్తే, కొట్టేసింది కూడా నేనే."

"కొట్టేసి పక్కన ఏం రాశావు?"

"ఏదో రాశాన్లే."

"ఏం రాశావు?"

"సెంటిమెంటు అని."

"అందుకా. ఈ మధ్య మా ఇంట్లో నీ పేరెత్తితే వంటింట్లో గిన్నెలు చప్పుడవుతున్నాయి."

"మా పై అధికారి కొట్టేయమన్నాడు బావా. ఇవాళ పంపేటప్పుడు కూడా, ప్రోగ్రాం భేషుగ్గా ఉందని తేల్చుకు రమ్మన్నాడు. నిజంగానే బాగా పనిచేస్తోంది. అదే నాకు భయంగా ఉంది."

"ఎందుకు?"

"చెప్పకూడదు."

"సరే, చెప్పకు. బిస్కెట్ తిను."

"లోపలికి వెళ్లగానే మా జట్టు తేల్చుకోవాలి, కంప్యూటర్‌కి ఆ అనుమతి ఇచ్చేయాలా వద్దా అని. అందరూ ఇచ్చేద్దామనే అంటున్నారు. నేనొక్కణ్నే నీళ్లు నములుతున్నాను. ఏం చూపించి వద్దనాలో తెలీడం లేదు. మీరేమో అలా ఓడలన్నీ..."

"ఓడలన్నీ?"

"ఏం లేదు."

"మా ఓడలకేమైంది?"

"ఏం కాలేదు. నోరు జారాను. మర్చిపో."

"మా ఓడలు రేవు వదిలి వచ్చాయని కంగారుపడుతున్నారా మీరు?"

"పడమా మరి? ఒక్కటి మిగల్చకుండా బయల్దేరదీశారు. అది చూసే కదా మేం క్షిపణుల బళ్లు బయటికి తీశాం."

"ఓరి నీ. బళ్లు తీసింది అందుకా? ఆ బళ్లు చూసి మా కంప్యూటర్, వాళ్లు కొట్టేలోపు మనమే కొట్టాలని ఒకటే గోల."

"ముందు నువ్వు చెప్పు. ఓడలెందుకు తీశావు?"

"తుఫానొస్తోందని."

"ఏ తుఫాను?"

"ఏ తుఫానేంటి? మాకిచ్చిన కాగితంలో ఉంది, రేవుకి పెద్ద తుఫాను హెచ్చరిక అని. కట్టేసి ఉంచితే ఓడలు గట్టుకి కొట్టుకుని పాడవుతాయి. నడిసముద్రంలోకి పంపేశాం. ఎవరైనా అదే చేస్తారు. మీకు చెప్పలేదా?"

"మా కాగితంలో తుఫాను మాటే లేదు."

"లేదా?"

"లేదు బావా. మా వైపు ఎండ కాస్తోందని ఉంది."

"అయితే ఇప్పుడు మనం కొట్టుకోబోయేది..."

"గాలివాన కోసం."

"ఇదేం ఖర్మరా."

"ఆ ప్రోగ్రాం చేసింది మీరే కదా. ఇంత చిన్న సంగతి దానికి తట్టదా?"

"ఫొటోలు చూడటం నేర్పాం రా దానికి. ఓడ కదిలితే కదిలిందంటుంది. ఎందుకు కదిలావని పక్కవాణ్ని అడగడం మేం నేర్పలేదు."

"ఇప్పుడేం చేద్దాం?"

"ఏముంది, టీ తాగేసి ఎవరి గదికి వాళ్లు పోదాం. మనం మాట్లాడుకున్నామని తెలిస్తే ఆట రద్దయిపోతుంది. దీనికోసం మీ అక్క ఎన్నాళ్లు తిప్పలు పడిందో నాకు తెలుసు. ఇంతమంది పెద్దవాళ్లని మళ్లీ ఒక్కచోట పోగెయ్యడం తన వల్ల కాదు."

"తెలిసీ తెలియనట్టు కూర్చోమంటావా? మా వాళ్లు అనుమతి ఇచ్చేస్తారు. అది కొట్టేస్తుంది. అద్భుతంగా పనిచేసిందని రాసుకుంటాం. కింద నేనే సంతకం పెట్టాలి."

"ఆటే కదరా."

"ఆట సాయంత్రానికి అయిపోతుంది. బిల్లు అలా అయిపోదు కదా. నేను వెళ్లి చెప్పేస్తాను."

"ఎలా తెలిసిందని అడుగుతారు."

"మా బావ చెప్పాడంటాను."

"భలే, నా పరువు నిలబెట్టావు."

"నువ్వూ మీ వాళ్లకి చెప్పు."

"చెబుతాన్లే. ముందు మీ అక్కకి ఎవరు చెబుతారు?"

"నువ్వు. భర్తవి."

"నువ్వు. తమ్ముడివి, నిన్నయితే క్షమిస్తుంది."

"సెంటిమెంటని రాశాక కూడానా?"

"ఏంటి, ఇద్దరూ ఇక్కడే ఉన్నారా?"

"అక్కా. మేం టీ..."

"టీ తాగుతున్నాం. ఎవరిది వాళ్లం."

"అలాగా. కప్పులు నిండుగానే ఉన్నాయే."

"అక్కా, ఆట ఆపేయ్. నేను నీ రూలు తప్పాను. బావతో మాట్లాడాను. తప్పు నాదే, ముందు నోరు జారింది నేను."

"కాదు, గుచ్చి గుచ్చి అడిగింది నేను."

"ఏం మాట్లాడుకున్నారు?"

"వాళ్ల ఓడలు తుఫానుకి కదిలాయక్కా, మమ్మల్ని కొట్టడానికి కాదు. నేను వెళ్లి మా వాళ్లకి చెప్పి, క్షిపణులు వెనక్కి పంపించేస్తాను. ఆట రద్దు చేస్తే చెయ్యి. నీ కష్టమంతా బూడిదలో పోశాను, నాకు తెలుసు."

"చెబితే మీ అధికారి ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. తిట్టనీ."

"మీరు?"

"నేనా? మా వాళ్లకి నేనూ చెబుతానని మాటిచ్చాను. నువ్వెలా చూసినా సరే."

"ఊఁ. బిస్కెట్లేమైనా మిగిల్చారా?"

"అక్కా, నేను చెప్పేది వింటున్నావా? విరామంలో మేమిలా చేశామంటే..."

"విరామమని ఎవరన్నార్రా? టీ తాగి రండి అన్నాను, అంతే. ఈ టీ గదీ, మాట్లాడొద్దన్న ఆ రూలూ ఆటలో భాగమే. ఇది మూడో రౌండు. మీకు ముందు ఆడిన జట్లన్నీ ఈ గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా టీ తాగి, లోపలికెళ్లి యుద్ధం మొదలెట్టాయి."